గడువు లోపల చేరవలసిన మనిషి

నా పేరు కొల్లాబత్తుల సాలమన్. తండ్రి పేరు ఏసురత్నం. వయసు నలభై మూడు సంవత్సరాలు. స్వస్థలం తూర్పు గోదావరి జిల్లా, రాజోలు దగ్గర. పదకొండేళ్ళుగా ఖతార్‌లో ఉంటున్నాను. దోహా నగరంలో, ఉమ్ ఘువైలినాలో ఒక మందుల షాపు పైన, మూడో అంతస్తులో, నా భార్య గ్లోరియాతో కాపురం. గ్లోరియా ఒక క్లినిక్‌లో ల్యాబ్ టెక్నీషియన్. నేను రోడ్లు, డ్రైనేజీ పనులు చేసే ఒక కాంట్రాక్టు కంపెనీలో, అల్ వక్రా ఆఫీసులో, ఆరేళ్ళుగా గుమాస్తాను. కార్మికుల సెలవులు, పాస్‌పోర్టులు, ఐడీ కార్డులు నా పని.

ఈ వాంగ్మూలం 2018 నవంబర్ 12, సోమవారం, ఉదయం 9:20కి అల్ వక్రాలోని పోలీస్ ఆఫీసులో మొదలుపెట్టాను. నాకు అరబీ మాట్లాడడం కొంచెం వచ్చు, చదవడం రాదు. చదవలేని కాగితం మీద సంతకం పెట్టనన్నాను. అందుకని తెలుగులో నా చేత్తోనే రాసి ఇమ్మన్నారు. ఆఫీసర్ గారి ప్రశ్నలను నాకు, నా రాతను ఆయనకు దుబాసీ ముజఫ్ఫర్ అలీ గారు చెబుతున్నారు. ఆయనది హైదరాబాద్.

నా మీద మా కంపెనీ ఇచ్చిన ఫిర్యాదులో రెండు భాగాలున్నాయి. మొదటిది, జూలై 30న మేనేజర్ అనుమతి లేకుండా కంపెనీ కార్డు వాడి, నర్సింలు అనే కార్మికుడికి దేశం దాటే అనుమతి ఇచ్చానని. దాన్ని మేం ఎగ్జిట్ అంటాం. ఇది నిజం. ముందే ఒప్పుకుంటున్నాను. రెండోది, ఆ కార్డును మేనేజర్ సొరుగులోంచి నర్సింలు దొంగిలించి నాకిచ్చాడని. ఇది నిజం కాదు. నర్సింలుకు ఏమీ తెలియదు.

నర్సింలు వయసు ముప్పై ఒకటి. ఉత్తర తెలంగాణలో అడవిని ఆనుకుని ఉన్న రాళ్ళవాడ అతని ఊరు. మా కంపెనీలో నాలుగేళ్ళు పైపులైను మీద హెల్పర్‌గా చేశాడు. చివరి ఏడాది అల్ తుమామాలో, స్టేడియం వైపు వెళ్ళే రోడ్డు కింద డ్రైనేజీ పైపులు వేసే గ్యాంగులో ఉన్నాడు. డ్యూటీ దిగాక క్యాంప్ గోడ చుట్టూ పరిగెత్తేవాడు. నేపాలీలు, బెంగాలీలు గేటు దగ్గర కూర్చుని "యల్లా పోలీస్ భాయ్, యల్లా" అని, పద పద అన్నట్టు, నవ్వేవారు. అతను వాళ్ళకేసి చెయ్యి ఊపి ఇంకో చుట్టు వేసేవాడు.

పోలీస్ భాయ్ అనడానికి కారణం ఉంది. గత శీతాకాలంలో రెండు నెలలు సెలవు మీద ఇంటికి వెళ్ళినప్పుడు కానిస్టేబుల్ పరీక్ష రాశాడు. దేహదారుఢ్య పరీక్ష కూడా అప్పుడే అయింది. ఫలితం ఎప్పుడొస్తుందో తెలియక, సెలవు అయిపోయి, మళ్ళీ ఇక్కడికి వచ్చాడు. వయసు పరిమితి ప్రకారం అదే ఆఖరి అవకాశం.

2018 జూన్ 24, ఆదివారం, మధ్యాహ్నం 12:10కి ఆఫీసుకు వచ్చాడు. వేసవిలో పదకొండున్నర నుంచి మూడు దాకా ఎండలో పని నిషేధం కాబట్టి ఆ వేళకు వచ్చేవాడు. పాలపొడి ప్యాకెట్‌లో చుట్టిన ఫోను తీసి చూపించాడు. వాట్సాప్‌లో ఉత్తరం ఫొటో ఉంది. సెలక్ట్ అయ్యాడు. ఆగస్టు 2, గురువారం, సాయంత్రం ఐదింటిలోపు జిల్లా కేంద్రంలో హాజరు కావాలి.

నేను లేచి చెయ్యి కలిపాను. అతని అరచేతిలో సిమెంటు ఎండి గరుకుగా ఉంది. అంత ముఖ్యమా అని ఆఫీసర్ గారు అడిగారు. ముఖ్యం కాదు. గుర్తుంది, రాశాను.

ఉత్తరం తీసుకుని అదే రోజు మా మేనేజర్ గంగాప్రసాద్ గారి దగ్గరికి వెళ్ళాను. ఆయనది జగిత్యాల. ఎగ్జిట్ ఇవ్వడానికి కంపెనీ తరఫున అధికారం ఆయనదే. ఆయన కార్డు కంప్యూటర్‌కి పెట్టి, నంబర్ కొడితే, ప్రభుత్వ వెబ్‌సైట్‌లో అనుమతి పడుతుంది. కార్డు ఆయన సొరుగులో ఉంటుంది. సొరుగుకి తాళం వేయరు. నంబర్ నాకు తెలుసు, ఎందుకంటే ఆరేళ్ళుగా కొట్టేది నేనే. ఆయన నోటితో చెబుతారు, నేను నొక్కుతాను. కాగితం మీద ఎన్నడూ రాసివ్వలేదు.

గంగాప్రసాద్ గారు ఫొటో చూసి, "వాట్సాప్ల వచ్చింది ఉత్తరమా సాలమన్? లెటర్‌హెడ్ మీద, ఇంగ్లీషుల తెప్పియ్యుమను. చూద్దాం," అన్నారు.

ఇంగ్లీషు ఉత్తరం కోసం నర్సింలు వాళ్ళ అక్క నర్సవ్వ రెండుసార్లు జిల్లా కేంద్రానికి వెళ్ళింది. జూలై 3న అది ఈమెయిల్‌లో వచ్చింది. ప్రింటు తీసి ఇచ్చాను. "అరబీల లేదు గద. కంపెనీ ఫైల్ల అరబీ గావాలె," అన్నారు. జూలై 9న అనువాదం చేయించి, ముద్ర వేయించి తెచ్చాం. దాన్ని ఆయన మూడు రోజులు టేబుల్ మీద, బిస్కెట్ డబ్బా కింద పెట్టారు. జూలై 12న అడిగితే, ఇది అసలు నిజమని ఏం నమ్మకం అన్నారు.

ఇక్కడ ఆయన పక్షం కూడా చెప్పాలి. అంతకుముందు ఏడాది ఒక కార్మికుడు ఆర్మీ ఉద్యోగం వచ్చిందని దొంగ ఉత్తరం తెచ్చాడు. గంగాప్రసాద్ గారు నమ్మి పంపించారు. రెండు నెలలకు అతను కువైట్‌లో వేరే కంపెనీలో తేలాడు. పైవాళ్ళు గంగాప్రసాద్ గారికి మెమో ఇచ్చారు. ఆ మెమో నేనే టైపు చేశాను. కాబట్టి ఆయన అనుమానపడడం తప్పని నేను అనను.

"అయితే ఫోన్ చేద్దాం సార్, ఉత్తరం మీద నంబరుంది," అన్నాను.

జూలై 15, ఆదివారం, ఉదయం 10:40కి ఆయన గదిలోనే, స్పీకర్ పెట్టి ఫోన్ చేశాను. ఆ రోజు తేదీ బాగా గుర్తుంది, సాయంత్రం రష్యాలో ప్రపంచ కప్ ఫుట్‌బాల్ ఫైనల్. ఇక వచ్చే కప్పు మన దగ్గరే అని ఆఫీసంతా హడావిడిగా ఉంది. అవతల ఎత్తినాయన పేరు ఓబులయ్య, రిక్రూట్‌మెంట్ విభాగంలో సూపరింటెండెంట్, మాట రాయలసీమ యాస. ఆయన మాటలు నాకు గుర్తున్నంతవరకు రాస్తున్నాను.

"నర్సింలు గదా, ఉండాడు, లిస్టులో ఏడో పేరు. ఏమప్పా, ఇంకా ఆడే ఉండాడా? తొందరగా పంపించండి సామీ. ఆ అడివి మండలాల్లో బయట నుంచి ఏసిన కానిస్టేబుళ్ళు ఒక్కరూ నిలవడంల్యా. ఆర్నెల్లకే బదిలీ చేయించుకోని పోతాండారు. అందుకని ఆ ఊర్లోళ్ళనే తీసుకోండని గవర్నమెంటు ప్రత్యేకంగా నిధులిచ్చింది. సగం తీసుకునేదానికి, సగం నిలబెట్టుకునేదానికి. అయిదేండ్లు అదే స్టేషన్లో ఉంటే భత్యం, క్వార్టరు అన్నీ ఉండాయి."

"గడువు దాటితే వెయిటింగ్ లిస్టులో తర్వాతివాళ్ళకి వెళ్తుందా అండీ?" అని అడిగాను.

"వెయిటింగ్ లిస్టు యాడుంది సామీ? ఆ వూరికి అర్హత వచ్చినోడు ఆయనొక్కడే. రెండో తేదీ అయిదు గంటలకు మనిషి నా ముందర నిలబడకపోతే ఆ పోస్టు మురిగిపోతాది. డబ్బు ఎనక్కి పోతాది. మళ్ళా ఎన్నేండ్లకిస్తారో ఆ దేవునికే ఎరుక."

ఫోన్ పెట్టేశాక గంగాప్రసాద్ గారు ఉత్తరం మళ్ళీ చేతిలోకి తీసుకుని చూశారు. తర్వాత, "మా తమ్ముడు మూడుసార్లు రాసిండు కానిస్టేబులు. రాలె," అన్నారు. నేను ఇక అయిపోయిందనుకున్నాను. కార్డు తీసుకోమంటారా అని అడిగాను. "తుమామా లైను హ్యాండోవర్ ఉన్నది. గ్యాంగ్లకెల్లి ఒక్కన్ని గూడ తియ్యొద్దని పైనుంచి ఆర్డరు. చూద్దాం," అన్నారు.

జూన్ 24 నుంచి జూలై 29 దాకా ఆయన నాతో "చూద్దాం" అన్నది, నేను లెక్కపెట్టినంతలో, పదకొండుసార్లు. వద్దు అని ఒక్కసారి కూడా అనలేదు. వద్దు అంటే ఆ కుర్రాడు కార్మిక శాఖకు వెళ్ళేవాడు, లేదా ఎంబసీకి వెళ్ళేవాడు. వద్దనకపోతే ఎక్కడికి వెళ్ళాలి? ఏమని ఫిర్యాదు చేయాలి? మా మేనేజరు చూద్దామంటున్నాడని చేయాలా?

జూలై 18న సైట్ ఇంజనీరు సంతకం కావాలన్నారు. తెచ్చాడు. జూలై 23న, అతని బదులు ఇంకో మనిషి కావాలన్నారు. నర్సింలే తిరిగి తిరిగి వేరే గ్యాంగులో ఒక నేపాలీని ఒప్పించి, వాళ్ళ ఫోర్‌మన్ చేత రాయించుకుని వచ్చాడు. ఆ కాగితం కూడా బిస్కెట్ డబ్బా కిందికే వెళ్ళింది. జూలై 26న నర్సింలు విమానం టికెట్ కొనేశాడు. 30వ తేదీ రాత్రి 9:40 విమానం.

"ఎగ్జిట్ రాకుండా టికెట్ ఎందుకు కొన్నావు?" అని కోప్పడ్డాను.

"టికెట్ జూస్తెనన్న సార్ మనసు కరుగుతదేమోనని కొన్న సార్," అన్నాడు.

ఎందుకంత పట్టుదల, జీతం కోసమా అని ఆఫీసర్ గారు అడుగుతున్నారు. జీతం అందరికీ కావాలి. కానీ నర్సింలు నాతో చెప్పిన సంగతి వేరు. మూడేళ్ళ కిందట మేకల దగ్గర గొడవలో ఒకడు నర్సవ్వ చెయ్యి విరగ్గొట్టాడు. ఆమె విరిగిన చేతిని చీర కొంగుతో కట్టుకుని నడిచి పోలీస్ ఔట్‌పోస్టుకు వెళ్ళింది. అక్కడ ఉండాల్సిన ఇద్దరూ బదిలీ మీద వెళ్ళిపోయారు, కొత్తవాళ్ళు రాలేదు. పెద్ద స్టేషన్ ఇరవై ఎనిమిది కిలోమీటర్లు. రెండు రోజుల తర్వాత వెళ్తే, వెంటనే ఎందుకు రాలేదని అడిగారట. కేసు కాలేదు. కొట్టినవాడు ఇప్పటికీ ఆమె ఇంటి ముందు నుంచే పోతుంటాడు.

"పెద్ద పోలీసు గావాలని లేదు సార్," అని నర్సింలు నాతో అన్నాడు. "ఎవలన్న ఏడ్సుకుంట వస్తె, కూసోమని నీళ్ళిచ్చి, చెప్పింది రాసుకునెటోడు ఒకడుండాలె. గంతే."

జూలై 28, శనివారం నర్సవ్వ నాకు ఫోన్ చేసింది. ఆమెను నేను ఎప్పుడూ చూడలేదు. "దుబాయ్ సారూ, దండం పెడుత. మా తమ్మున్ని తోలియ్యుండ్రి. కాయిదాలు ఇంకేమన్న గావాల్నా? చెప్పుండ్రి, మల్ల పోయి తెస్త," అంది. ఇది దుబాయ్ కాదని నేను చెప్పలేదు. ఇంకే కాగితం కావాలో కూడా చెప్పలేకపోయాను. కావలసిన కాగితం ఏదీ లేదు. అన్నీ ఇచ్చేశాం.

జూలై 29, ఆదివారం, మధ్యాహ్నం 12:30కి నర్సింలు, నేను కలిసి గంగాప్రసాద్ గారి గదిలోకి వెళ్ళాం. నర్సింలు నిలబడే ఉన్నాడు.

"సార్, రేపు రాత్రికి నా ఫ్లైట్. నాలుగేండ్లల ఒక్కనాడు గూడ గైర్హాజర్ గాలె సార్. పోనియ్యుండ్రి."

"నేనేమన్న వద్దన్ననార నర్సింలూ? వద్దన్ననా చెప్పు?"

"వద్దనలే సార్."

"మరింక? చూద్దాం పో."

బయటికి వచ్చాక నర్సింలు నీళ్ళ కూలర్ దగ్గర బెంచీ మీద కూర్చున్నాడు. ఏడవలేదు. "సార్, వద్దన్నా బాగుండు," అన్నాడు.

ఇప్పుడు జూలై 30, సోమవారం గురించి. ఉదయం 10:15కి గంగాప్రసాద్ గారు సెలవు మీద వెళ్ళేవాళ్ళ పేర్లు చెప్పి ఎగ్జిట్ ఎక్కించమన్నారు. ఏడు పేర్లు. తర్వాత 11:50కి మీటింగ్ ఉందని దోహా వెళ్ళారు. మధ్యాహ్నం 12:35కి నేను ఆయన గదిలోకి వెళ్ళి, సొరుగు తెరిచి, కార్డు తెచ్చుకుని నా కంప్యూటర్‌కి పెట్టాను. గదిలో నేను ఒక్కడినే ఉన్నాను. ఆయన చెప్పిన ఏడు పేర్లు ఎక్కించాను. ఎనిమిదో పేరు నేను ఎక్కించాను. దాన్ని కూడా సెలవు కిందే రాశాను. సమయం 12:52. కార్డు తీసుకెళ్ళి సొరుగులో పెట్టాను.

ఎందుకు చేశావని ఆఫీసర్ గారు అడిగారు. ముందుగా ఆలోచించి చేసింది కాదు. ఏడో పేరు అయ్యాక వెబ్‌సైట్ ఇంకో పేరు ఉందా అని అడిగింది. ప్రతిసారీ అడుగుతుంది. నేను ప్రతిసారీ లేదు అని నొక్కుతాను. ఆ రోజు లేదు అని నొక్కబుద్ధి కాలేదు. నెల రోజుల పైన ఒక మనిషిని ఇంకో కాగితం, ఇంకో కాగితం అని తిప్పింది గంగాప్రసాద్ గారొక్కరే కాదు. ఆయన అన్న ప్రతి మాటనూ మోసుకెళ్ళి అతనికి చెప్పింది నేను. నా మీద నాకే విసుగొచ్చింది.

తర్వాత బీరువాలోంచి నర్సింలు పాస్‌పోర్టు తీశాను. కార్మికుల పాస్‌పోర్టులు మా బీరువాలో ఉంటాయి. భద్రంగా ఉంచమని మేమే ఇచ్చుకున్నాం అని అందరి చేతా ఒక కాగితం మీద సంతకం పెట్టిస్తారు. ఆ సంతకాలు పెట్టించేది కూడా నేనే. నర్సింలు మధ్యాహ్నం విరామంలో వచ్చి బయట బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. పుస్తకంలో సంతకం తీసుకుని నర్సింలు పాస్‌పోర్టు నర్సింలుకు ఇచ్చాను.

అతనితో, "సార్ ఒప్పుకున్నారు. ఎగ్జిట్ పడింది. వెళ్ళు," అని చెప్పాను. ఇది అబద్ధం. ఈ మొత్తంలో నేను నోటితో ఆడిన అబద్ధం ఇదొక్కటే, ఆడింది అతనితో.

నర్సింలు ముందు నమ్మలేదు. ఫోన్‌లో ఎగ్జిట్ పడిందని వచ్చిన మెసేజ్ చూసుకున్నాక, "సార్ ఎక్కడున్నడు? కాళ్ళు మొక్కి పోత," అన్నాడు.

"దోహా వెళ్ళారు. నువ్వు ముందు బయలుదేరు."

"వచ్చెదాక కూసుంట సార్. గింత మేలు జేసినోనికి చెప్పకుంట పోతె ఎట్ల?"

"నేను చెబుతాన్లే నర్సింలూ. నువ్వు వెళ్ళవయ్యా బాబూ!" అని కసిరాను. ఒంటిగంట ఐదుకి అతను ఆఫీసు వదిలి వెళ్ళాడు. దొంగిలించిన కార్డుతో పారిపోయేవాడు మేనేజరు కాళ్ళు మొక్కుతానని బెంచీ మీద కూర్చుంటాడా? దయచేసి ఇది ఆలోచించండి.

సాయంత్రం 7:20కి విమానాశ్రయంలో లోపలి గేటు దాటాక నర్సింలు గంగాప్రసాద్ గారికి వాట్సాప్‌లో గొంతు మెసేజ్ పంపాడు. అదే మెసేజ్ నాకూ పంపాడు. ఆయన 7:31కి విన్నారని నర్సింలు ఫోన్‌లో నీలం గుర్తులు పడ్డాయట. సార్ విన్నడు అని సంబరంగా నాకు రాశాడు. విమానానికి ఇంకా రెండు గంటలు ఉంది. గంగాప్రసాద్ గారు ఒక్క ఫోన్ చేస్తే ఎగ్జిట్ రద్దవుతుంది. నేను ఇంట్లో ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చున్నాను. ఏమైందని గ్లోరియా అడిగింది. చెప్పాను. ఆమె అన్నం కంచం నా ముందు పెట్టి, "చేసేముందు నాకొక మాట చెప్పాలనిపించలేదా?" అంది.

విమానం వెళ్ళింది. ఆగస్టు 1, బుధవారం, ఉదయం పదకొండింటికి నర్సింలు ఓబులయ్య గారి ముందు హాజరయ్యాడు.

విమానం వెళ్ళిన మర్నాడు ఆఫీసులో గంగాప్రసాద్ గారు నాతో ఏమీ అనలేదు. ఆ మర్నాడూ అనలేదు. కార్డు మాత్రం సొరుగులో పెట్టడం మానేసి జేబులో పెట్టుకోవడం మొదలుపెట్టారు. సెప్టెంబర్ చివర్లో హెడ్డాఫీసు వాళ్ళు సెలవు మీద వెళ్ళి తిరిగి రానివాళ్ళ లెక్క తీశారు. నర్సింలు పేరు బయటపడింది. ఎవరు ఇచ్చారని గంగాప్రసాద్ గారిని అడిగారు. అక్టోబర్ 21, ఆదివారం నా మీద ఫిర్యాదు ఇచ్చారు. నన్ను డ్యూటీలోంచి తీసి ఇంట్లో కూర్చోమన్నారు.

అక్టోబర్ 28 నుంచి మా కంపెనీ కూలీల్లో ఎవరికీ ఎగ్జిట్ అక్కర్లేదు. చట్టం మారింది. పాస్‌పోర్టు, టికెట్ పట్టుకుని ఎవరికివారే వెళ్ళిపోతున్నారు. ఫిర్యాదు అయిన ఏడు రోజులకే. ఈ కేసు తేలేదాకా దేశం దాటకూడదని నాకు మాత్రం చెప్పారు. చట్టం మారకముందు చేసిన పని తప్పే అవుతుందని ఆఫీసర్ గారు అన్నారు. నిజమే. నేను కాదనడం లేదు.

ఉదయం 11:10. ఇక్కడ రాయడం ఆపించి, ఆఫీసర్ గారు ఒక మాట చెప్పించారు. కంపెనీ రాజీకి సిద్ధంగా ఉందట. కార్డు తీసింది నర్సింలే అని నేను ఒక్క వాక్యం రాస్తే, నా మీద ఫిర్యాదు వెనక్కి తీసుకుంటారట.

ముజఫ్ఫర్ అలీ గారు అరబీలో ఉన్నది చెప్పి, తన మాటగా, "చూడు భాయ్, ఆయన ఇండియాల ఉన్నడు. ఆయన్ని ఎవరు పట్టుకుంటరు? రాసి ఇంటికి పో," అన్నారు. ఆయన నా మంచికే అన్నారు. ఆయన మీద ఏమీ అనుకోవద్దు.

గ్లోరియాకి ఫోన్ చేసుకోనిమ్మని అడిగాను. ఒప్పుకున్నారు.

"రాస్తే ఏమవుతుంది?" అని గ్లోరియా అడిగింది.

"పోలీసు ఉద్యోగానికి నడవడిక విచారణ ఉంటుంది. ఎక్కడైనా దొంగతనం కేసు ఉంటే తీసేస్తారు."

అవతల ఎవరో పిలిస్తే, ఒక్క నిమిషం ఆగమంది. తర్వాత, "నీ మీద నాకు కోపం పోలేదు. అది వేరే. అది మాత్రం రాయకు," అని పెట్టేసింది.

అందుకని రాయడం లేదు. కార్డు తీసింది నేను. నొక్కింది నేను. నర్సింలుకు తెలియదు. గొంతు మెసేజ్ గంగాప్రసాద్ గారి ఫోన్‌లో ఉంటుంది, దాన్ని వినమని కోరాను. ఆయన కంపెనీ తరఫున వచ్చి బయట వరండాలోనే కూర్చుని ఉన్నారు. ఆఫీసర్ గారు లోపలికి పిలిపించారు.

11:45కి అందరి ముందూ మెసేజ్ పెట్టారు. చెరిపేసి ఉంటారని నేను అనుకున్నాను. చెరపలేదు. వెనకాల విమానాశ్రయంలో ప్రకటన వినిపిస్తోంది. నర్సింలు గొంతు గట్టిగా ఉంది, దూరంగా ఉన్నవాణ్ణి పిలుస్తున్నట్టు.

"సార్, నర్సింల్ని. సాలమన్ సార్ చెప్పిండు మీరు ఒప్పుకున్నరని. మీరు పోనియ్యరనుకుని మిమ్ముల మనసుల తిట్టుకున్న సార్, తప్పైంది. మా అక్క ఏడుస్తున్నది సంతోషంతోని. మా ఊరికొస్తె మా ఇంట్ల ఒక పూట తినాలె మీరు. ఉంట సార్."

ముజఫ్ఫర్ అలీ గారు దాన్ని అరబీలో చెప్పారు.

మీరు దీన్ని 7:31కే విన్నారా అని ఆఫీసర్ గారు గంగాప్రసాద్ గారిని అడిగారు. ఆయన తెలుగులోనే చెప్పారు. నేను అప్పుడే ఇక్కడ రాసుకున్నాను: "విన్న. రెండుసార్లు విన్న. ఆపుదామని ఫోన్ తీసిన. ఆపబుద్ధి గాలె. మల్ల హెడ్డాఫీసోళ్ళు అడిగినంక, నా నౌకరి పోతదని గా కాయిదం మీద సంతకం పెట్టిన. కార్డు నర్సింలు తీసిండని నేను చూడలె. నాకు ఆ పోరని మీద కేసు వద్దు."

నర్సింలు దొంగిలించాడన్న వాక్యాన్ని ఫిర్యాదులోంచి కొట్టేయమని ఆయనే అడిగారు. ఆఫీసర్ గారు కొట్టేసి, పక్కన ఆయన చేత సంతకం పెట్టించారు. నా కళ్ళతో చూశాను. నా మీద ఉన్న భాగం కంపెనీది కాబట్టి అలాగే ఉంటుందని చెప్పారు. గంగాప్రసాద్ గారు వెళ్తూ నా కుర్చీ పక్కన నిలబడి, "నేను ముందే పొమ్మంటె అయిపోతుండె సాలమన్," అన్నారు. నాకు ఇంకా కోపంగానే ఉంది. ఒక్క మాటకు ముప్పై ఆరు రోజులు తిరిగాం. ఆ మాట ఈ రోజు అన్నారు.

ఇంకేమైనా చెప్పాలా అని ఆఫీసర్ గారు అడిగారు. ఒకటి ఉంది.

నర్సింలు ఇప్పుడు ట్రైనింగ్‌లో ఉన్నాడు. ఆదివారాలు మాత్రమే ఫోన్ ఇస్తారు. నిన్న చేశాడు. అతనితోపాటు చేరిన తొమ్మిది మందిలో ఇద్దరు అప్పుడే మానేసి వెళ్ళిపోయారట, అడవి స్టేషన్లో అయిదేళ్ళు ఎవడుంటాడని. "నేనుంట సార్," అన్నాడు. ఇక్కడ నా మీద కేసు ఉందని అతనికి తెలియదు. నేను చెప్పలేదు. మీ ఆఫీసు నుంచి అతనికి గానీ, వాళ్ళ అక్కకు గానీ ఫోన్ వెళ్ళకుండా చూడమని ప్రార్థిస్తున్నాను. తెలిస్తే అతను అక్కడ ఉండడు. నా తరఫున చెప్పడానికి ఉద్యోగం వదులుకుని వచ్చేస్తాడు.

ఇందులో నేను చేసినది చేసినట్టు, విన్నది విన్నట్టు నా చేత్తో రాశాను. ఎవరూ భయపెట్టలేదు, ఎవరూ ఆశపెట్టి రాయించలేదు. చదువుకున్నాను, ముజఫ్ఫర్ అలీ గారు అరబీలో ఆఫీసర్ గారికి చదివి వినిపించగా పక్కనుండి విన్నాను. సత్యమని నమ్మి సంతకం చేస్తున్నాను.

2018 నవంబర్ 12, మధ్యాహ్నం 1:50

(సంతకం) కొల్లాబత్తుల సాలమన్

తెలుగు నుంచి అరబీలోకి చదివి చెప్పినవారు: (సంతకం) ముజఫ్ఫర్ అలీ